ఆన్‌లైన్ చీరల దుకాణంలో విభాగాలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఒక చీర మూడు విభాగాల్లో కనబడాలంటే మూడుసార్లు ఎక్కించాలి.

విజయవాడలోని బట్టల మార్కెట్ వస్త్రలతలో చీర ఒక ర్యాక్‌లోనే ఉంటుంది. సైట్‌లో ఆ ఇబ్బంది లేదు. మంగళగిరి పట్టుచీరను 'మంగళగిరి', 'పట్టు', 'పెళ్లి' మూడింటిలోనూ చూపించొచ్చు, ఎంట్రీ మాత్రం ఒక్కటే ఉండాలి. మూడు ఎంట్రీలు పెడితే ఒకచోట అమ్ముడైనా మిగతా రెండుచోట్ల స్టాకు అలాగే కనబడుతుంది. చేనేతలో చాలావరకు ఒక్క పీసే కాబట్టి ఇద్దరి దగ్గర డబ్బు తీసుకుని ఒకరికి తిప్పి పంపాల్సి వస్తుంది. ఉత్పత్తి పేజీ వెబ్ అడ్రస్‌లో విభాగం పేరు పెట్టకండి. బ్రెడ్‌క్రంబ్‌కి, అంటే పేజీ పైన 'హోమ్ > విభాగం > చీర' అని దారి చూపే వరసకి, ఒక ప్రధాన విభాగాన్ని ఖాయం చేయండి. ఆన్‌లైన్ దుకాణాలు నడిపే షాపిఫైలో కలెక్షన్ (అక్కడ విభాగాన్ని అలా అంటారు) గుండా వెళ్తే అడ్రస్ మారొచ్చు. ఏది అసలు పేజీయో గూగుల్‌కు చెప్పే కెనానికల్ ట్యాగ్ అసలు అడ్రస్‌నే చూపిస్తుంది గానీ, థీమ్‌లోని (సైట్ డిజైన్‌లోని) లింకులు కూడా నేరుగా దానికే ఇస్తే గొడవ ఉండదు.

అపోహ: విభాగాలు ఎన్ని ఎక్కువైతే గూగుల్‌లో అంత పైకి.

నాలుగు చీరల విభాగం ఖాళీ ర్యాకే. ఏడాది పొడవునా కనీసం ఇరవై చీరలు ఉండాలి, జనం ఆ మాటతోనే వెతకాలి. అప్పుడే విభాగం. 'మంగళగిరి కాటన్' నిలబడుతుంది. 'ఆకుపచ్చ నిజాం అంచు' ఫిల్టర్‌గా చాలు. ఇంగ్లిష్‌లో మంగళగిరిని ఎవరెలా కొట్టినా అది సైట్ సెర్చ్‌లో పర్యాయపదాల పని, కొత్త విభాగం కాదు. విభాగం పేజీ పైన నిజాం అంచు అంటే ఏమిటో, జాకెట్ ముక్క ఉందో లేదో రెండు ముక్కలు రాయండి.

అపోహ: ఫిల్టర్లతో గూగుల్‌కు పనేముంది?

అసలు తలనొప్పి ఇక్కడే. ఫిల్టర్ల ప్రతి కలయికా గూగుల్‌కు వేరే అడ్రస్‌గా కనబడొచ్చు. 8 రంగులు, 5 అంచులు, 4 ధరల శ్రేణులు. ప్రతిదాన్నీ ఎంచుకోకుండా వదిలేసే వీలు కలిపితే 9×6×5, అంటే 270. మూడు రకాల సార్టింగ్‌తో 810 అడ్రసులు, అదీ ఒక్క విభాగానికి! అలాంటి విభాగాలు ముప్పై ఉంటే 24,300.

కంగారులో చాలామంది ఈ పేజీలకు నోఇండెక్స్ (ఫలితాల్లో చూపొద్దని గూగుల్‌కు చెప్పే ట్యాగ్) పెట్టి, రోబోట్స్ ఫైల్‌లోనూ (ఏ పేజీలు తెరవకూడదో చెప్పే ఫైల్) ఆపేస్తారు. ఆపిన పేజీని గూగుల్ తెరవదు, కాబట్టి అందులోని నోఇండెక్స్ దాని కంట పడదు. పేజీ ఫలితాల్లోనే ఉండిపోవచ్చు. ఇప్పటికే ఇండెక్స్‌లోకి, అంటే గూగుల్ జాబితాలోకి, ఎక్కినవాటికి ముందు నోఇండెక్స్ పెట్టి, అవి రాలిపోయాక రోబోట్స్‌లో ఆపండి. కొత్త సైటైతే ఈ ఫిల్టర్ అడ్రసులను మొదటిరోజే రోబోట్స్‌లో ఆపేయండి. సైట్ యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో పారామీటర్లు (అడ్రస్ చివర చేరే ఫిల్టర్ ముక్కలు) సర్దమనే పాత సలహా ఇక పనికిరాదు, ఆ టూల్‌ను 2022లోనే తీసేశారు.

అపోహ: ఏ వస్తువైనా మూడు క్లిక్‌లలో అందాలి.

క్లిక్‌లు ఎవరూ లెక్కపెట్టరు. తామెక్కడున్నారో తెలియకపోతే వెళ్లిపోతారు.

అపోహ: దసరాకు ఏటా కొత్త పేజీ.

దుర్గమ్మ అలంకారాల రంగుల చీరలకు అడ్రస్‌లో సంవత్సరం లేని ఒకే పేజీ ఉంచండి. పండగయ్యాక మెనూ నుంచి తీయండి గానీ పేజీని చెరిపేయొద్దు. పూర్తిగా ఎత్తేసే విభాగాలను మాత్రం 301తో (పేజీ శాశ్వతంగా మారిందని చెప్పే కోడ్) దగ్గరి విభాగానికి మళ్లించండి. అన్నింటినీ హోమ్ పేజీకి తోలితే గూగుల్ వాటిని లేని పేజీల కిందే కట్టే అవకాశం ఉంది.