చెరకు గడలో దాగిన కొడవలి

విశాఖ పూర్ణా మార్కెట్‌లో అనకాపల్లి బెల్లం కొనేటప్పుడు దిమ్మను వేలితో నొక్కి చూస్తాం. మెత్తబడకుండా ఉంటేనే బేరం. చెరకు రసంలో సుక్రోజు అనే చక్కెర నిండుగా ఉన్నప్పుడే బెల్లానికి ఆ గట్టితనం వస్తుంది. ఎర్రకుళ్ళు తెగులు సోకిన గడలో శిలీంద్రం సుక్రోజును గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా విరగ్గొడుతుంది. ఆ రసాన్ని ఎంత కాచినా బెల్లం సరిగా గడ్డకట్టదు.

ఈ శిలీంద్రం పేరు కొల్లెటోట్రైకమ్ ఫాల్కేటమ్. 1893లో జావాలో వెంట్ అనే శాస్త్రవేత్త దీన్ని వర్ణించారు. మన దేశంలో 1901లో గోదావరి డెల్టాలో బార్బర్ గుర్తించారు. చెరకు పండించేవాళ్ళు దీన్ని చెరకు పాలిట క్యాన్సర్ అంటారు. అందులో అతిశయోక్తి ఏమీ లేదనే నా అభిప్రాయం.

గడను నిలువునా చీలిస్తే లోపల ఎర్రగా ఉంటుంది. ఆ ఎరుపును కోస్తూ అడ్డంగా తెల్లని మచ్చలు కనిపిస్తాయి. పులిసిన సారా వాసన వస్తుంది. అయితే వడలు తెగులు అనే మరో జబ్బు సోకినా గడ లోపల ఎర్రబడుతుంది. తెల్ల మచ్చలు స్పష్టంగా లేనప్పుడు అనుభవం ఉన్న రైతు కూడా పొరబడవచ్చు. అక్కడ ప్రయోగశాల అవసరం పడుతుంది.

ముక్కను ఎక్కడ కోయాలన్నది ముఖ్యం. పూర్తిగా కుళ్ళిన చోట ఇతర బూజులు చేరి ఉంటాయి. అందుకే ఎరుపు ముగిసి ఆరోగ్యంగా ఉన్న కండ మొదలయ్యే అంచు దగ్గర చిన్న ముక్క తీస్తారు. దాన్ని ఒక శాతం సోడియం హైపోక్లోరైట్‌లో ఒకటి రెండు నిమిషాలు ముంచి, శుద్ధమైన నీటితో మూడుసార్లు కడిగి, బంగాళాదుంప కషాయం, డెక్స్‌ట్రోజు, అగార్ కలిపిన పళ్ళెంలో పెడతారు. దాదాపు 28 డిగ్రీల వేడిలో కొద్ది రోజులకే దూదిలాంటి బూజు పరుచుకుంటుంది. తర్వాత దాని మీద లేత గులాబీ రంగులో బీజాల ముద్దలు తేలుతాయి.

ఆ ముద్దను సూది మొనతో కొద్దిగా తీసి, నీలిరంగు ద్రావణం చుక్కలో వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే కొడవళ్ళు కనిపిస్తాయి. ఫాల్కేటమ్ అన్న పేరులో ఉన్నది ఆ కొడవలే. వడలు తెగులు కలిగించే ఫ్యూసేరియం పెద్ద బీజాలు కూడా వంపు తిరిగే ఉంటాయి, కానీ వాటి లోపల అడ్డగోడలు ఉంటాయి. ఎర్రకుళ్ళు బీజం మాత్రం ఒకే గది. రెండు తెగుళ్ళనూ వేరు చేసేది ఆ అడ్డగోడే. మొదటిసారి చూసినవారికి ఎంతో ఆశ్చర్యం కలిగించే దృశ్యమిది.

అసలు చిక్కు విత్తనపు ముచ్చెలతో, అంటే నాటే గడ ముక్కలతో వస్తుంది. పైకి నవనవలాడే గడలోనే శిలీంద్రం నిద్రాణంగా ఉండవచ్చు. ఆ ముచ్చె నాటితే తెగులును పొలానికి మనమే మోసుకెళ్ళినట్టు. ఇక్కడ కన్ను, సూక్ష్మదర్శిని రెండూ చాలవు. ఎలీసా అనే పరీక్షలో శిలీంద్రపు ప్రోటీన్లను పట్టుకునే ప్రతిరక్షకాలను గుంతల పళ్ళెంలో వాడతారు. రంగు మారితే ఉనికి తెలుస్తుంది. పీసీఆర్ అనే డీఎన్‌ఏ పరీక్ష ఇంకా లోతుకు వెళ్తుంది. శిలీంద్రపు డీఎన్‌ఏలో ఒక భాగాన్ని వేడి చేస్తూ, చల్లారుస్తూ ప్రతి ఆవర్తనంలో రెట్టింపు చేస్తారు. 30 ఆవర్తనాలు సజావుగా సాగితే ఒక్క ప్రతి నుంచి వంద కోట్లకు పైగా ప్రతులు వస్తాయి. ఒకే వేడిలో, అంటే 60 నుంచి 65 డిగ్రీల మధ్య, పనిచేసే లాంప్ అనే మరో డీఎన్‌ఏ పద్ధతికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. పల్లెలకు చేరగలిగేది ఇదేనని నేను నమ్ముతున్నాను.

అయినా బూజును పెంచి చూసే పాత పళ్ళేన్ని పక్కన పెట్టకూడదు. చనిపోయిన శిలీంద్రపు డీఎన్‌ఏ కూడా పీసీఆర్‌లో కనిపించవచ్చు. పళ్ళెంలో పెరిగిందంటే అది బతికే ఉన్నట్టు.

పరీక్షకు పంపే గడను చాలామంది ప్లాస్టిక్ కవరులో చుడతారు. మన తీరపు ఉక్కకు అది చెమర్చి, దారిలోనే వేరే బూజులు పడతాయి. అంచు దొరికేలా కొత్తగా తెగులు సోకిన గడ తీసి, కాగితంలో చుట్టి, అదే రోజు పంపండి.