మంచు పలచగా ఉంటే భయం లేదా? లదాఖ్ స్కీ టూరింగ్: అపోహలు - వాస్తవాలు

విశాఖ వాళ్లకు మంచు అంటే లంబసింగిలో తెల్లారుజామున కమ్మేసే పొగమంచు. అది ముఖానికి తగులుతుంది తప్ప కాలి కింద విరగదు. లదాఖ్ మంచు విరుగుతుంది. అక్కడ సొంతంగా కొండ ఎక్కి స్కీల మీద దిగాలనుకునే వాళ్లు వేసుకునే ప్లాన్లలో పదేపదే కనిపించే పొరపాట్లు ఇవి. కేబుల్ కారు, చదును చేసిన వాలు, కాపలా సిబ్బంది ఏవీ ఉండవు. స్కీ అడుగున 'స్కిన్' అనే నూగు పట్టీ అంటించుకుని ఎక్కాలి, పైన దాన్ని పీకేసి దిగాలి. గుల్మార్గ్‌లోనో ఔలీలోనో నేర్చుకుని, గట్టి మంచు మీద తడబడకుండా మలుపులు తిరగగలిగేవాళ్ల కోసమే ఇది. ఇంకా నేర్చుకోనివాళ్లు ముందు ఆ పని చూసుకోండి.

అపోహ: లదాఖ్ ఎడారి. పడేదే కొంచెం మంచు, అందులో చరియలు విరిగేంత ఎక్కడుంది?

వాస్తవం: విశాఖలో ఏడాదికి వెయ్యి మి.మీ. దాకా వాన పడుతుంది. లేహ్‌లో వానా మంచూ కలిపినా 100 మి.మీ. అటూఇటూ. అంతవరకూ నిజమే. అయినా 2019 జనవరిలో ఖార్దుంగ్ లా రోడ్డు మీద మంచు చరియ పడి 10 మంది చనిపోయారు. పలచగా ఉండడమే అక్కడి మంచుకున్న జబ్బు.

లెక్క చూడండి. నేల దగ్గర 0 డిగ్రీలు, మంచు పైభాగాన మైనస్ 20 అనుకుందాం. మందం 2 మీటర్లయితే ప్రతి 10 సెం.మీ.కి తేడా 1 డిగ్రీ. మందం 50 సెం.మీ. అయితే అదే తేడా 4 డిగ్రీలు. 10 సెం.మీ.కి 1 డిగ్రీ దాటిందంటే, అడుగు నుంచి ఆవిరి పైకి ఎగబాకుతూ మంచు రేణువులను కోణాలు తేలిన పలుకులుగా మార్చేస్తుంది. గుప్పిట్లోకి తీసుకుని నొక్కినా ఉండ కట్టదు, పంచదారలా వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. కొన్ని వారాల్లో అడుగంతా ఇలాగే తయారవుతుంది. ఆ తర్వాత గాలి గట్టి పొర ఒకటి తెచ్చి దాని మీద పేరుస్తుంది. బల్ల మీద పంచదార పరిచి, దాని మీద కడప బండ పెట్టి, బల్లను ఓరగా ఎత్తితే ఏమవుతుందో వాలు మీదా అదే.

బండరాళ్ల చుట్టూ పరిస్థితి ఇంకా పాడు. రాయి కనిపిస్తే పట్టు దొరికిందని ధైర్యం వస్తుంది. కానీ అక్కడే మంచు మరీ పలచన, బలహీన పొర స్కీకి మరీ దగ్గర. విరుగుడు మొదలయ్యేది చాలాసార్లు అలాంటి చోటే. కాబట్టి దారి గీసేటప్పుడు రాళ్ల అంచులకు దూరం జరగండి.

గొయ్యి తవ్వి చూడడం తప్పనిసరి. 90 సెం.మీ. వెడల్పు, లోపలికి 30 సెం.మీ. ఉండే దిమ్మను చుట్టూ కోసి వేరు చేయాలి. ఒక చివర పార ఆనించి, దాని మీద మణికట్టు ఊపుతో 10 దెబ్బలు, మోచేతి ఊపుతో 10, భుజం ఊపుతో 10 వేయాలి. పగులు పుట్టిన దెబ్బకే, లేదా తర్వాతి దెబ్బకే అవతలి చివరి దాకా పాకిందంటే ఆ వాలు ఆ రోజు మనది కాదు. పాకలేదంటే మాత్రం 'వెళ్లొచ్చు' అని అర్థం కాదు. అది గొయ్యి తవ్విన చోటి కబురు, అంతే. ఇక్కడ 60 సెం.మీ., పది అడుగుల అవతల 20 సెం.మీ. ఉండే మంచులో ఒక గొయ్యి ఇచ్చే భరోసా చాలా తక్కువ.

అపోహ: మంచు పడి పది రోజులైంది, ఎండ కాస్తోంది. ఈపాటికి కుదురుకుని ఉంటుంది.

వాస్తవం: మబ్బు లేకపోయినా గాలి మానదు. గాలి కొట్టే వైపు నుంచి ఇసుకను లేపి దిబ్బ చాటున పోయడం మన బీచ్‌లోనే చూస్తాం. శిఖరం మీదా అంతే. గాలికి ఎదురుగా ఉన్న వైపు రాళ్లు తేలతాయి, చాటు వైపు చుక్క మంచు కురవకుండానే బరువు పెరుగుతుంది. కాలు పెట్టగానే 'వుంఫ్' అని కూలిన చప్పుడు, స్కీ కొన నుంచి చీలిపోయే గీత, ఈ రెండింటిలో ఏది కనబడినా వెనక్కి తిరగడమే. చర్చ పెట్టుకోవద్దు.

(ఇసుక మాట వచ్చింది కాబట్టి: జారడం సాధన చేస్తామని ఎర్రమట్టి దిబ్బల మీదకు స్కీలు, బోర్డులు తీసుకెళ్లకండి. అవి భూవారసత్వ సంపద. కోత పడితే తిరిగి పూడవు.)

చండీగఢ్‌లోని డీఆర్‌డీఓ సంస్థ డీజీఆర్ఈ మంచు చరియల బులెటిన్ ఇస్తుంది. ప్రమాదానికి 1 నుంచి 5 అంకెలు. పోర్టులో ఎగరేసే తుఫాను హెచ్చరికల్లాగా నంబరు పెరిగితేనే భయపడదాం అనుకుంటారు మనవాళ్లు. ఇక్కడ 3 అంటే 'మధ్యస్తం, పర్వాలేదు' కాదు. 4, 5 ఉన్న రోజుల్లో ఎవరూ కదలరు. ప్రాణాలు పోయేది ఎక్కువగా 3 ఉన్న రోజుల్లోనే. పైగా బులెటిన్ ప్రాంతం మొత్తానికి చెబుతుంది, మీరు దిగబోయే వాలు సంగతి దానికి తెలియదు.

అపోహ: యాప్‌లో వాలు 28 డిగ్రీలే చూపిస్తోంది, చరియ భయం లేదు.

వాస్తవం: చరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలులో. చాలా యాప్‌ల వెనక ఉన్న ఎత్తుల సమాచారం 30 మీటర్ల గడులది. గడి లోపల ఉన్న 15 మీటర్ల నిటారు మెట్టు సగటులో కరిగిపోతుంది. 1:50,000 పటం, 40 మీటర్ల కాంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) అయితే స్కేలు పెట్టి కొలవండి. గీతల మధ్య 1.4 మి.మీ. ఉంటే సుమారు 30 డిగ్రీలు, 1 మి.మీ. ఉంటే 39 దగ్గర. కొండ దగ్గరికి చేరాక స్కీ పోల్‌ను వాలు మీద పడుకోబెట్టి వాలు కొలిచే ఇన్‌క్లినోమీటర్‌తో సరిచూడాలి. మీరు నిలబడ్డ చోటు చదునైనా నెత్తి మీద వాలు ఎంతో చూడాలి. అడుగు పొర బలహీనంగా ఉన్న మంచును కింద నుంచి కదిలించినా పైనుంచి ఊడిపడుతుంది.

అపోహ: బరువు మోస్తూ సింహాచలం మెట్లు రోజూ ఎక్కితే ఎత్తుకు అలవాటు పడతాం.

వాస్తవం: తొడలకు మంచిదే. ఎక్కడం కన్నా, 12 కిలోల బ్యాగుతో నెమ్మదిగా దిగడం స్కీయింగ్‌కు ఎక్కువ పనికొస్తుంది. ఊపిరికి మాత్రం సంబంధం లేదు. 5,500 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్ర మట్టంలో సగం. పొద్దున విశాఖలో విమానం ఎక్కి ఢిల్లీలో మారితే, 3,500 మీటర్ల లేహ్‌లో దిగుతారు. అక్కడ కనీసం మూడు రాత్రులు. తర్వాత పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకోసారి విశ్రాంతి. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే అసిటజోలమైడ్ వాడాలా వద్దా అన్నది బయల్దేరే ముందే డాక్టర్‌తో తేల్చుకోవాలి, సల్ఫా మందులు పడనివాళ్లు మరీ. గీత మీద మడమకు వేళ్లు ఆనించి నడవలేకపోయినా, కూర్చున్నా ఆయాసపడుతున్నా వెంటనే కిందికి దించాలి. తెల్లారేదాకా ఆగకూడదు. 6,000 మీటర్లు దాటే శిఖరమైతే ఇండియన్ మౌంటెనీరింగ్ ఫౌండేషన్ అనుమతి కూడా కావాలి.

అపోహ: చుట్టూ మంచే కదా, నీళ్లకేం లోటు?

వాస్తవం: నీళ్లకు లోటు లేదు, కరిగించే ఇంధనానికే లోటు. మంచు కరిగించుకుని బతకాలంటే మనిషికి రోజుకు పావు లీటరు ద్రవ ఇంధనం లెక్కేసుకోండి. అదైనా గ్యాసైనా విమానంలో అసలు ఎక్కనివ్వరు, లేహ్‌లోనే కొనాలి. ఉత్త బ్యూటేన్ డబ్బా 0 డిగ్రీల దగ్గరే మొరాయిస్తుంది, ప్రొపేన్ కలిసినది కావాలి. ఉత్త మంచు వేస్తే గిన్నె మాడుతుంది, అడుగున కొన్ని నీళ్లు మిగిల్చి దాని మీద వేయండి. 5,000 మీటర్ల దగ్గర నీళ్లు 83 డిగ్రీలకే మరుగుతాయి, అన్నం పలుకుగానే ఉంటుంది. కుక్కర్ మోయలేరు కాబట్టి అటుకులు, వేయించిన రవ్వతో ఉప్మా పొడి నయం.

అపోహ: ఏమైనా అయితే ఫోన్ ఉందిగా.

వాస్తవం: మన ప్రీపెయిడ్ సిమ్ లదాఖ్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ కావాలి. అదీ ఊళ్ల దగ్గరే. శాటిలైట్ ఫోన్లు, శాటిలైట్ మెసెంజర్లు అనుమతి లేకుండా పెట్టుకుంటే కేసు.

పూడిపోయిన మనిషికి ఉన్న సమయం 10, 15 నిమిషాలు. తీయాల్సింది పక్కవాళ్లే. అందుకే ప్రతి ఒక్కరి దగ్గరా 457 కిలోహెర్ట్జ్ బీకన్ (పూడినవాళ్ల జాడ చెప్పే రేడియో పరికరం), 240 సెం.మీ.కు తగ్గని ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే కడ్డీ), లోహపు పార ఉండాలి. బీకన్‌కు ఫోన్ 20 సెం.మీ. దూరంలో, వెతికేటప్పుడైతే అర మీటరు అవతల ఉండాలి. ఇలా వెతికే సాధన మన సాగర్‌నగర్ బీచ్ ఇసుకలో బ్రహ్మాండంగా కుదురుతుంది. బీకన్‌ను డబ్బాలో పెట్టి మీటరు లోతున పూడ్చండి, కానీ అలల తడి తగలని చోట. ఉప్పునీళ్లు ఆ తరంగాలను మింగేస్తాయి. ప్రోబ్ 25 సెం.మీ.కోసారి గుచ్చుతూ చుట్టలా బయటికి రావాలి.

సామాను దాచడం గురించి ఒక్క మాట. సముద్రపు గాలికి స్కీ అంచులు తుప్పు పడతాయి. అంచుల మీదుగా మందంగా మైనం పూసి ఉంచండి. స్కిన్‌ల జిగురు మన ఎండకు కారుతుంది, కారు డిక్కీలో వదిలేయొద్దు. పాత బూట్లలోని పాలీయూరెథేన్ ఉక్కపోతకు పొడిపొడి అవుతుంది. ప్రయాణానికి నెల ముందే తొడుక్కుని నడిచి చూడండి.

అపోహ: ఏప్రిల్‌లో పొద్దున్నే ఎంత తొందరగా దిగితే అంత మంచిది.

వాస్తవం: మరీ తొందరైతే గాజు మీద దిగినట్టే. రాత్రి గడ్డకట్టిన పొర పైన రెండు మూడు సెం.మీ. మెత్తబడ్డాకే దిగాలి. ముందు తూర్పు వాలు, తర్వాత దక్షిణం, చివర పడమర. ఉత్తరం వైపు ఏప్రిల్‌లోనూ చలికాలపు మంచే. తూర్పు వాలు పదింటికి మెత్తబడుతుందనుకుందాం. 5 కి.మీ. దూరం, 900 మీటర్ల ఎక్కుడు: 5కు 9 (ఎక్కుడు వంద మీటర్లకు ఒకటి చొప్పున) కలిపి 4తో భాగిస్తే మూడున్నర గంటలు. ఆ ఎత్తులో ఒకటిన్నర రెట్లు, అంటే ఐదుంపావు. నాలుగున్నరకు గుడారం వదలాలి. పైకి చేరేసరికే బూటు చీలమండ దాకా దిగబడుతుంటే ఆ వాలుకు వేళ మించిపోయింది. పడమటి వైపు 30 డిగ్రీల లోపు దారి ఒకటి పటంలో ముందే గీసి ఉంచుకోవాలి.