మేడ మీది ట్యాంకు, ఒంట్లో వేడి ఆవిర్లు

మా నల్లకుంట అపార్టుమెంటులో పై అంతస్తులో ఉండే 49 ఏళ్ల అక్కగారు మొన్న ఒక మంచి ప్రశ్న అడిగారు. అర్ధరాత్రి ఛాతీ నుంచి మెడ మీదుగా ముఖానికి వేడి ఎగదన్ని, జాకెట్టు తడిసేంత చెమట పట్టి, ఫ్యాను పెంచిన కాసేపటికే వణుకు పుడుతోందట. జ్వరమేమోనని థర్మామీటరు పెట్టుకుంటే అది 98.4 డిగ్రీల ఫారన్‌హీటే చూపించిందట. ఒళ్లు కాలిపోతుంటే జ్వరం లేకపోవడమేమిటన్నది ఆవిడ సందేహం. నెలసరి ఆగిపోయే దశలో, అంటే మెనోపాజ్‌లో, వచ్చే వేడి ఆవిర్లివి.

దీనికి జవాబు మా మేడ మీది నీళ్ల ట్యాంకులో దొరుకుతుంది. అందులో రెండు సెన్సర్లు ఉంటాయి. నీరు కింది సెన్సరు కంటే దిగితే మోటారు మొదలవుతుంది, పై సెన్సరును తాకితే ఆగుతుంది. రెండింటికీ మధ్య మూడడుగుల ఎడం ఉన్నంతకాలం ఎవరు నాలుగు బకెట్లు పట్టుకున్నా మోటారు పట్టించుకోదు. మెదడులోని హైపోథాలమస్ కూడా శరీరం లోపలి ఉష్ణోగ్రతకు ఇలాంటి రెండు హద్దులు పెట్టుకుంటుంది. పై హద్దు దాటితే చర్మంలోని రక్తనాళాలు విచ్చుకుని చెమట పడుతుంది, కింది హద్దు దాటితే వణుకు పుడుతుంది, మధ్యలో ఉన్నంతసేపూ చెమటా ఉండదు, వణుకూ ఉండదు. బడిలో మనం 37 డిగ్రీల సెల్సియస్ అని ఒకే గీత గీసి పాఠం ముగిస్తాం గానీ, అసలు కథంతా ఆ రెండు గీతల నడుమ ఉన్న జాగాలోనే ఉంది.

అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ ఫ్రీడ్‌మన్ ఆ జాగాను కొలిచారు. మెనోపాజ్ దాటినా ఆవిర్లు రాని మహిళల్లో అది సుమారు 0.4 డిగ్రీల సెల్సియస్ ఉండగా, ఆవిర్లతో బాధపడేవారిలో దాదాపు సున్నా. అంటే రెండు సెన్సర్లూ ఒకదానికొకటి ఆనుకున్నాయన్నమాట. ఇక ఎవరు కొళాయి తిప్పినా మోటారు ఉలిక్కిపడుతుంది. వేడి చాయ్, మెట్లెక్కడం, మందపాటి రగ్గు లోపలి ఉష్ణోగ్రతను రవ్వంత పెంచగానే, శరీరం మరిగిపోతోందన్నంత హడావిడిగా మెదడు రక్తాన్ని చర్మంలోకి మళ్లిస్తుంది. మండేది చర్మమే గనుక థర్మామీటరులో జ్వరం కనిపించదు. చెమట ఆరే క్రమంలో లోపలి ఉష్ణోగ్రత కొద్దిగా దిగి, పక్కనే ఉన్న కింది సెన్సరును తాకుతుంది కాబట్టి వణుకు. ఆవిడ థర్మామీటరు అబద్ధమాడలేదు.

సెన్సర్లను దగ్గరకు జరిపినది ఎవరు? హైపోథాలమస్‌లో కిస్పెప్టిన్, న్యూరోకైనిన్-బి, డైనార్ఫిన్ అనే మూడు రసాయనాలను తయారుచేసే నాడీకణాలున్నాయి. ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోను వాటికి కళ్లెం. మెనోపాజ్‌లో అది తగ్గగానే ఆ కణాలు విజృంభిస్తాయి, పరిమాణంలో కూడా ఉబ్బుతాయి, వాటి నుంచి వెలువడే న్యూరోకైనిన్-బి ఉష్ణనియంత్రణ కేంద్రాన్ని రెచ్చగొడుతుంది. ఆ రసాయనం అతుక్కునే ఎన్‌కే3 గ్రాహకాన్ని మూసే ఫెజోలినెటాంట్ అనే మందుకు 2023లో అమెరికాలో అనుమతి లభించింది. అది హార్మోను కాదు, కానీ వాడేవారు కాలేయ పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి.

మన ఇళ్లలో దీన్ని 'వేడి చేయడం' అంటారు. అలా అని కోడిగుడ్డు, నువ్వులు మానిపించి సబ్జా నీళ్లు తాగిస్తారు. సబ్జా నీళ్లతో నష్టమేమీ లేదు, గుడ్డూ నువ్వులూ మానడంతోనే నష్టం. ట్యాంకులో నీరు ఎక్కువ కాలేదు, సెన్సర్లే జరిగాయి.

మరి ఇంట్లో చేయగలిగిందేమిటి? ఒక్క రగ్గు బదులు రెండు పల్చని దుప్పట్లు కప్పుకుంటే ఒకటి తోసేయవచ్చు, ఒకటి ఉంచుకోవచ్చు. చాయ్ కాస్త చల్లారనివ్వాలి. మిరపకారం నిజంగా వేడి పెంచకపోయినా, అందులోని క్యాప్సైసిన్ వేడిని పసిగట్టే నాడులనే తట్టిలేపుతుంది కనుక, ఎవరికి పడదో వారు తగ్గించుకోవాలి. మే నెలలో హైదరాబాదు పొడిగాలికి కూలరు బాగా పనిచేస్తుంది. జూలై ముసురులో మాత్రం కూలరు గదిలో తేమను పెంచి చెమటను ఆరనివ్వదు కాబట్టి, అప్పుడు నీళ్లు పోయకుండా ఉత్త ఫ్యానుగా వాడుకోవడమే మేలు. ఇవన్నీ ఉపశమనానికే. ఆవిర్లనే తగ్గిస్తాయని కాస్త గట్టి ఆధారాలున్నవి అధిక బరువు తగ్గించుకోవడం, కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స) వంటివి. యోగా, నడక, సోయా విషయంలో ఆ ఆధారం బలంగా లేదని ఉత్తర అమెరికా మెనోపాజ్ సొసైటీ 2023లో తేల్చింది.

అయినా నడక మానకూడదు, ఎందుకంటే ఈస్ట్రోజెన్ తగ్గిన తొలి ఏళ్లలో ఎముకలు వేగంగా పలచబడతాయి. వాటికి బరువు మోసే పని కావాలి, కాల్షియం కావాలి. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. నువ్వుల్లో అంతకు మూడు రెట్లకు పైగానే ఉంటుంది. వేడి చేస్తుందని పక్కన పెట్టినది ఆ నువ్వులనే!

రోజు గడవడమే కష్టమయ్యేంతగా ఆవిర్లు వస్తుంటే హార్మోను చికిత్స గురించి గైనకాలజిస్టును అడగడానికి మొహమాటపడనక్కరలేదు. ఏడాదిపాటు నెలసరి ఆగిపోయాక మళ్లీ ఒక్క చుక్క రక్తం కనిపించినా, దుప్పట్లతో, చాయ్‌తో పనిలేదు; వెంటనే వైద్యురాలికి చూపించుకోవాలి.