రాజ్యం లేని అయిదు శతాబ్దాలు: ఆర్మేనియన్ల కథ

2023 సెప్టెంబరు చివరి వారంలో లక్ష మందికి పైగా ఆర్మేనియన్లు అజర్‌బైజాన్‌లో ఆర్మేనియన్లు అధికంగా ఉండే నాగోర్నో-కరబఖ్ ప్రాంతంలోని ఇళ్లకు తాళాలు వేసి, లాచిన్ కొండదారి మీదుగా ఆర్మేనియాకు తరలిపోయారు. అజర్‌బైజాన్ సైనిక చర్య ముగియడానికి ఒక్క రోజే పట్టింది. అయితే పుట్టిన నేల వదలడం ఆ జాతికి కొత్త కాదు. వాళ్ల చరిత్రలో సగం వలసల చరిత్రే.

క్రీ.పూ. 6వ శతాబ్దంలో పర్షియన్ చక్రవర్తి డేరియస్ చెక్కించిన బెహిస్తున్ శాసనంలోనే ఆర్మేనియా పేరు ఉంది. క్రీ.పూ. 1వ శతాబ్దంలో తిగ్రాన్ చక్రవర్తి కాలంలో రాజ్యం మధ్యధరా తీరం దాకా విస్తరించింది. క్రైస్తవాన్ని తొలిసారి రాజమతం చేసిన దేశం తమదేనని, అది 301లో జరిగిందని వాళ్ల సంప్రదాయం చెబుతుంది. 387లో రోము, పర్షియా ఆ దేశాన్ని పంచుకున్నాయి, పెద్ద వాటా పర్షియాకు దక్కింది.

ఈ కథకు కీలకం ఆ తరువాతి ఘట్టమని నా అభిప్రాయం. చర్చిలో చదివే గ్రీకు, సిరియాక్ పాఠాలు జనానికి అర్థమయ్యేవి కావు. ఒకప్పుడు రాజాస్థానంలో లేఖకుడిగా పనిచేసి సన్యసించిన మెస్రోప్ మష్తోత్స్ 405 ప్రాంతంలో 36 అక్షరాల లిపిని రూపొందించాడు. మరో 23 ఏళ్లకు, 428లో, పర్షియా ఏలుబడిలోని భాగంలో రాజవంశం అంతరించింది. సింహాసనం పోయే నాటికి లిపి చేతికి అందింది.

మధ్యయుగంలో ఆని రాజధానిగా బగ్రాతుని రాజ్యం, ఆపై మధ్యధరా ఒడ్డున కిలీకియా రాజ్యం వెలిశాయి. 1375లో కిలీకియా పడిపోయాక 1918 వరకు ఆర్మేనియన్లకు సొంత రాజ్యమంటూ లేదు.

1604-05లో పర్షియా పాలకుడు షా అబ్బాస్ ఆర్మేనియన్ల వర్తక కేంద్రమైన జుల్ఫా పట్టణాన్ని ఖాళీ చేయించి, అక్కడి వర్తకులను ఇస్ఫహాన్‌కు తరలించాడు. పట్టు వ్యాపారంలో ఆరితేరిన ఆ కుటుంబాలు సూరత్, ఆగ్రా, కలకత్తా, మద్రాసులకు విస్తరించాయి. చెన్నై జార్జ్‌టౌన్‌లోని అర్మేనియన్ వీధి వాళ్ల గుర్తే. అక్కడి షహమీర్ షహమీరియన్ అనే వర్తకుడు సొంత ముద్రణాలయం పెట్టి, భూమ్మీద ఇంకా లేని ఆర్మేనియా గణతంత్రానికి రాజ్యాంగాన్ని అచ్చు వేయించాడు! బిడ్డలను పోగొట్టుకున్న దుఃఖంలో ఉన్న హరుత్యున్ ష్మవోనియన్ అనే మతగురువు 1794లో అదే నగరం నుంచి 'అజ్దరార్' పత్రికను వెలువరించాడు. ప్రపంచంలో తొలి ఆర్మేనియన్ పత్రిక అదే. ఆయన సమాధి నేటికీ ఆ వీధి చర్చి ఆవరణలోనే ఉంది.

1828లో తుర్కమెన్‌చాయ్ సంధితో యెరెవాన్ ప్రాంతం రష్యాకు దక్కింది. పశ్చిమ భాగం ఒట్టోమన్ల కిందే ఉండిపోయింది. 1915 ఏప్రిల్ 24న ఇస్తాంబుల్‌లో రచయితల, మేధావుల అరెస్టులతో మహా విధ్వంసం మొదలైంది. ఊళ్లకు ఊళ్లను సిరియా ఎడారి వైపు నడిపించారు. మృతుల అంచనాలు ఆరు లక్షల నుంచి పదిహేను లక్షల దాకా ఉన్నాయి. చరిత్రకారుల్లో అత్యధికులు దీన్ని జాతి సంహారమంటారు. టర్కీ ఆ మాటను అంగీకరించదు.

ఆ రోజుల్లోనే మూష్ ప్రాంతంలోని ఒక మఠంలో ఇద్దరు స్త్రీలకు 13వ శతాబ్దపు తోలుపత్రాల గ్రంథం కంటబడిందని చెబుతారు. దాని బరువు సుమారు 28 కిలోలు. ఒక్కరు మోయలేక రెండుగా విడదీసుకున్నారట. ఒక సగం ఆర్మేనియన్ చర్చి ప్రధాన పీఠమైన ఎచ్మియాజిన్ చేరింది. రెండోది ఎర్జురుమ్‌లోని మఠంలో పాతిపెట్టగా తరువాత బయటపడింది. ఇప్పుడు రెండు సగాలూ యెరెవాన్‌లోని మతెనదరాన్ భాండాగారంలో ఉన్నాయి.

1918లో ఏర్పడిన గణతంత్రం రెండేళ్లకే సోవియట్ల వశమైంది. ఆర్మేనియన్లు అధికంగా ఉన్న కరబఖ్‌ను సోవియట్ పాలకులు 1923లో అజర్‌బైజాన్‌లో స్వయంపాలిత ప్రాంతంగా ఉంచారు. నేటి తగాదాకు ముడి పడింది ఇక్కడే. 1988లో మొదలైన ఘర్షణ యుద్ధంగా ముదిరింది. 1994 కాల్పుల విరమణ నాటికి ఆర్మేనియన్లు గెలిచారు. అప్పుడు లక్షలాది అజర్‌బైజానీలు నిర్వాసితులయ్యారన్నది మరువరాదు. 2020లో 44 రోజుల యుద్ధంతో పాచిక తిరగబడింది, 2023లో కరబఖ్ ఖాళీ అయింది.

2025 ఆగస్టులో వాషింగ్టన్‌లో ఇరు దేశాల విదేశాంగ మంత్రులు శాంతి ఒప్పందంపై పొడి సంతకాలు చేశారు. తుది సంతకానికి ముందు ఆర్మేనియా తన రాజ్యాంగ పీఠికను మార్చుకోవాలని అజర్‌బైజాన్ పట్టుబడుతోంది. ఆ పీఠిక 1990 నాటి స్వాతంత్ర్య ప్రకటనను ప్రస్తావిస్తుంది. ఆ ప్రకటనలో కరబఖ్‌తో విలీన తీర్మానం ఊసు ఉంది.