వెనక్కి తిప్పొద్దు: రేణిగుంట ఎండలో ఒక లెక్క

రేణిగుంట విమానాశ్రయం ఉన్నది సముద్రమట్టానికి సుమారు 350 అడుగుల ఎత్తులో. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో మాత్రం చిన్న విమానానికి అది దాదాపు 3,400 అడుగుల ఎత్తుతో సమానం. అంటే తిరుమల కొండ కన్నా పైనే! 15 డిగ్రీల దగ్గర ఉండే గాలితో పోలిస్తే ఆ ఎండలో గాలి 8 శాతం దాకా పలచబడుతుంది. ఇంజిన్ బలం, ప్రొపెల్లర్ పట్టు రెండూ తగ్గుతాయి. విమానం ఎగురుతుంది కానీ నెమ్మదిగా ఎక్కుతుంది. టేకాఫ్ అయిన కాసేపటికే ఇంజిన్ ఆగితే, వెనక్కి తిప్పి అదే రన్‌వే మీద దిగుదామనిపిస్తుంది. ఆ రోజున ఆ నెమ్మదే ప్రాణం మీదికి తెస్తుంది.

సెస్నా 172 సంగతే చూద్దాం. నాలుగు సీట్లు, ఒకే ఇంజిన్. ప్రపంచంలో ఇన్ని తయారైన విమానం మరొకటి లేదు. నిండు బరువుతో, ఆ ఎండలో అది ఒక అడుగు ఎక్కేలోపు ముందుకు ఓ 12 అడుగులు పోతుంది. ఇంజిన్ ఆగితే రాయిలా కింద పడదు. ఘాట్ రోడ్డులో న్యూట్రల్‌లో దిగే కారులాగా, వాలే దాన్ని నడిపిస్తుంది. 65 నాట్ల దగ్గర, అంటే గంటకు 120 కిలోమీటర్ల వేగంతో, ఒక అడుగు దిగేలోపు సుమారు 9 అడుగులు ముందుకు సాగుతుంది.

ఎక్కేటప్పుడు 12, దిగేటప్పుడు 9. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. 500 అడుగులు ఎక్కేసరికి, చక్రాలు నేల వదిలిన చోటు 6,000 అడుగులు వెనకబడిపోయింది. చేతిలో ఉన్న ఎత్తు 4,500 అడుగుల దూరానికే సరిపోతుంది. ఇంకా మలుపు మొదలే పెట్టలేదు.

ఆ మలుపు కూడా చౌకగా రాదు. రెక్కను 30 డిగ్రీలు వంచి తిరిగితే అర్ధవృత్తం పూర్తయ్యేసరికి విమానం రన్‌వేకి ఎదురుగా ఉండదు, దాదాపు 400 మీటర్లు పక్కన ఉంటుంది. రన్‌వే గీత మీదికి రావాలంటే 180 డిగ్రీలు దాటి ఇంకా తిరగాలి, తర్వాత మళ్లీ అటువైపు సర్దుకోవాలి. ఇరవై సెకన్లకు పైగా పట్టే ఈ పనికి 300 అడుగులకు పైనే ఖర్చు. దీనికి ముందు ‘ఏమైందిరా’ అని తేరుకోవడానికి పోయే క్షణాలు వేరే.

సరే, ఇంకా గట్టిగా వంచి చకచకా తిప్పేస్తే? చాలా ప్రాణాలు పోయింది అక్కడే. 45 డిగ్రీలు వంచి ఎత్తు పోకుండా లాగితే స్టాల్ వేగం, అంటే ఏ వేగం కన్నా తగ్గితే రెక్క విమానాన్ని మోయలేదో ఆ వేగం, 19 శాతం పెరుగుతుంది. 60 డిగ్రీలకైతే 41 శాతం. దానికి తోడు, టేకాఫ్ ఎదురుగాలిలో చేస్తారు కాబట్టి తిరగ్గానే అదే గాలి వెనకనుంచి తోస్తుంది. నేల జోరుగా వెనక్కి పోతుంటే వేగం ఎక్కువైందన్న భ్రమ కలిగి, పైలట్ విమానం ముక్కును పైకి లాగుతాడు. అంత తక్కువ ఎత్తులో స్టాలై గిరికీలు కొడితే సర్దుకునే జాగా ఉండదు.

తేరుకునే సమయం ఎంత విలువైనదో 2009 జనవరి 15న న్యూయార్క్‌లో తెలిసింది. పక్షులు తగిలి రెండు ఇంజిన్లూ పోయిన ఎయిర్‌బస్ ఏ320ని హడ్సన్ నదిలో దించారు. 155 మందీ బతికారు. తర్వాత సిమ్యులేటర్‌లో చూస్తే, పక్షులు తగిలిన వెంటనే వెనక్కి తిప్పినవాళ్లలో కొందరు రన్‌వే చేరారు. ఆలోచనకు 35 సెకన్లు కలిపి ప్రయత్నించినప్పుడు మాత్రం చేరలేకపోయారు. అందుకే ఏ ఎత్తులో ఇంజిన్ ఆగితే ఏం చేయాలో టేకాఫ్‌కు ముందే పైకి చెప్పుకోవడం నేర్పిస్తారు. నా దృష్టిలో మొత్తం శిక్షణలో అంత చౌకైన బీమా ఇంకోటి లేదు.

కాబట్టి చేయవలసింది: ముందు ముక్కు దించి వేగం నిలబెట్టుకోవాలి. రన్‌వే పొడవైనదై, మొదటి నుంచి బయల్దేరి ఉంటే, తొలి క్షణాల్లో ఎదురుగా ఇంకా మిగిలే ఉంటుంది, అక్కడే దిగొచ్చు. అది దాటిపోతే ముందున్న భూమిలోనే, కాస్త అటూ ఇటూగా చోటు వెతుక్కోవాలి. తిరుపతి చుట్టుపక్కల అయితే కోత అయిన చెనక్కాయ చేను మేలు, దిగేది చాళ్ల వెంబడే, అడ్డంగా కాదు. నీళ్లున్న వరి కయ్యలో ముందు చక్రం దిగబడి విమానం తలకిందులు కావచ్చు. స్వర్ణముఖి నది ఇసుకతోనూ అదే భయం. హైవే ఊరిస్తుంది గానీ లారీలు, డివైడర్లు, కరెంటు తీగలు ఉంటాయి. పైనుంచి తీగలు కనిపించవు, స్తంభాలను చూసి ఊహించుకోవాల్సిందే. మామిడి తోట తప్ప దారి లేకపోతే రెండు మొదళ్ల మధ్యకు ముక్కు పెట్టాలి. రెక్కలు విరిగితే విరగనీ, వేగాన్ని అవే మింగుతాయి.

నిజానికి ఆగడానికి కావలసిన దూరం ఆశ్చర్యపోయేంత తక్కువ. గంటకు 80 కిలోమీటర్ల నుంచి 9 జీ ఒత్తిడితో, అంటే ఒంటి బరువుకు తొమ్మిది రెట్ల బలంతో, ఒకే తీరుగా ఆగితే మూడు మీటర్లు కూడా పట్టదు, బెల్టు సరిగ్గా కట్టుకున్న మనిషి దాన్ని తట్టుకోగలడు. వేగం రెట్టింపైతే దూరం నాలుగు రెట్లు. 65 నాట్ల విమానం 10 నాట్ల ఎదురుగాలిలో నేలను 55తో తాకుతుంది, వెనక్కి తిరిగి వచ్చినదైతే 75తో. దాని దెబ్బలో ఉండే శక్తి దాదాపు రెండింతలు. తాకే ముందు పెట్రోల్ కట్టేసి, మాగ్నెటోలు, అంటే ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించేవి, ఆపి, తలుపు గడియ తీసి ఉంచుతారు. ఫ్రేమ్ వంగితే తలుపు తర్వాత తెరుచుకోదు.