నెగన్ వల్లే ‘ది వాకింగ్ డెడ్’ పడిపోయిందా? అపోహలు - వాస్తవాలు

నేను వెబ్ సిరీస్‌లకు స్క్రిప్ట్ ఎడిటర్‌గా పనిచేస్తాను. కథాచర్చలో విలన్ మాట రాగానే ఎవరో ఒకరు, ‘ది వాకింగ్ డెడ్’ అనే అమెరికన్ జాంబీ సిరీస్‌లోని విలన్ నెగన్ పేరు ఎత్తుతారు. “మనకీ అలాంటి విలన్ కావాలి” అని ఒకరంటే, “వద్దు, వాడి వల్లే ‘వాకింగ్ డెడ్’ మునిగింది” అని ఇంకొకరంటారు. ఈ వాదన వినీ వినీ విసుగొచ్చింది. ఇద్దరూ చూస్తున్నది నెగన్ మనుషుల్ని చంపే ఆ బ్యాట్‌నే. జరిగిన నష్టం బ్యాట్ దగ్గర లేదు. ఈ తప్పుడు లెక్క నమ్మి మంచి కథలు పాడుచేసుకున్నవాళ్లను చూస్తూనే ఉన్నాను. అందుకే ఆ ఒక్కటీ వివరంగా రాసి, మిగతావి చకచకా చెప్పేస్తాను. సిరీస్ ఇంకా చూడనివాళ్లు ఇక్కడితో ఆగిపోండి, కథంతా బయటపడుతుంది.

అపోహ: నెగన్ క్రూరత్వం తట్టుకోలేకే జనం సిరీస్ వదిలేశారు.

వాస్తవం: కొంతమంది ఆ రాత్రే వదిలేశారు. అది నిజమే, వాళ్లను తప్పుపట్టను. 2016 అక్టోబర్ 23న ఏడో సీజన్ మొదటి ఎపిసోడ్‌ను అమెరికాలో ఏఎంసీ ఛానల్‌లో సుమారు 1.7 కోట్ల మంది చూశారు. ముందు అబ్రహం, తర్వాత గ్లెన్, ఇద్దరూ హీరో రిక్ బృందంలోని వాళ్లే. ఇద్దరినీ ముళ్లతీగ చుట్టిన బ్యాట్‌తో తలలు పగలగొట్టి చంపాడు నెగన్. తర్వాతి వారం చూసినవాళ్లు 1.25 కోట్లకు తగ్గారు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి, “చూశారా, రక్తం చూసి పారిపోయారు” అంటారు. కానీ మొదటి ఎపిసోడ్‌కి ఎగబడిన జనం రెండో వారానికి పల్చబడటం ఆ సిరీస్‌కి కొత్త కాదు. అంతకుముందు సీజన్‌లోనూ అలాగే తగ్గారు, ఈసారి దెబ్బ పెద్దది, అంతే. అసలు చూడాల్సింది ఆ తర్వాతి వారాలు. ఆరో ఎపిసోడ్‌కి సంఖ్య 1.04 కోట్లకు దిగింది. ఎనిమిదో సీజన్ చివరి ఎపిసోడ్‌కి 79 లక్షలే మిగిలారు. రక్తానికి భయపడినవాళ్లు ఒక్క రాత్రిలో వెళ్లిపోతారు. వారం వారం కొందరు చొప్పున జారిపోతున్నారంటే కారణం వేరే ఉండాలి.

ఆ కారణం, కథ ఆగిపోవడం.

ఆ రెండు చావుల తర్వాత ప్రేక్షకుడి మనసులో ఉన్న ప్రశ్నలు ఏమిటి? గ్లెన్ భార్య మ్యాగీ ఎలా ఉంది, రిక్ ఏం చేస్తాడు, వీళ్లు రేపు పొద్దున ఎలా లేస్తారు. రెండో ఎపిసోడ్ వాటిలో ఒక్కదానికీ జవాబు చెప్పదు. బృందంలోని కెరల్, మోర్గన్‌ల వెంట వెళ్లి, ఎజికీల్ అనే రాజునీ అతని పెంపుడు పులినీ పరిచయం చేస్తుంది. ఎపిసోడ్‌గా అది బాగానే ఉంటుంది. వచ్చిన చోటే తప్పు. మూడోది నెగన్ దగ్గర బందీగా ఉన్న డెరిల్ జైలు గది. ఐదోది హిల్‌టాప్ అనే వేరే ఊరు. ఆరోది టారా సముద్రపు ఒడ్డున ఇంకో ఊరు కనిపెట్టడం. ఇలా ప్రతి వారం ఒక్కో మూలకి వెళ్తుంటే, ఆ చావుల తర్వాత మిగిలినవాళ్లు ఒకచోట కూర్చుని ఏడవడం మనకు కనిపించదు. రిక్ “ఇక పోరాడదాం” అనే మాటకు రావడానికి ఎనిమిదో ఎపిసోడ్ చివరి దాకా ఆగాలి.

నాలుగో ఎపిసోడ్‌లో ఒక సీన్ ఉంది. కొత్త రచయితలతో దీన్ని తప్పకుండా చూపించి మాట్లాడతాను. రిక్ వాళ్లు ఉండే అలెగ్జాండ్రియా అనే ఊరికి నెగన్ వచ్చి, తన బ్యాట్‌ను రిక్ చేతికిచ్చి పట్టుకోమంటాడు. ముందు నెగన్ ఈల వేసుకుంటూ ఊరంతా తిరుగుతుంటే, వెనక రిక్ ఆ బ్యాట్ మోస్తూ నడుస్తుంటాడు. గ్లెన్‌ని చంపిన బ్యాట్ అది. ఒక్క దెబ్బ చాలు, కానీ వెయ్యలేడు, వేస్తే అందరినీ చంపేస్తారు. సీన్‌గా చూస్తే అద్భుతం. అదే ఎపిసోడ్‌లో నెగన్ మనుషులు ఊళ్లోని పరుపులన్నీ పట్టుకుపోతారు. తర్వాత రిక్ బృందంలోని మిషోన్‌కి అవి రోడ్డు పక్కన కాలిపోయి కనిపిస్తాయి. వాళ్లకు పరుపులు అక్కర్లేదు, వీళ్లకు నిద్ర ఉండకూడదు, అంతే. విలన్ అంటే ఏమిటో చెప్పడానికి ఆ ఒక్క షాట్ సరిపోయింది. అక్కడే కథ మలుపు తిరగాల్సింది. తిరగలేదు. అదే అవమానం వేరే ఊళ్లో, వేరే మనుషుల మీద, మళ్లీ మళ్లీ జరిగింది.

మా పనిలో విలన్ పాత్ర గురించి మొదట అడగాల్సిన ప్రశ్న “ఎంతమందిని చంపాడు” కాదు, “చంపినందుకు వాడికి ఏం ఖర్చయింది” అన్నది. మూడో సీజన్‌లో గవర్నర్ అనే విలన్‌ని గుర్తు తెచ్చుకోండి. మిషోన్ అద్దం పెంకుతో అతని కన్ను పొడిచేసింది. ఆ సీజన్ చివరికి తన సైన్యాన్ని తనే కాల్చిపారేశాడు. వాడు వేసిన ప్రతి అడుగుకీ వాడి దగ్గర ఏదో ఒకటి పోయింది. అందుకే భయపడుతూనే ముందుకు చూశాం. నెగన్‌కి చాలాకాలం పాటు ఏదీ పోలేదు. ఎనిమిదో సీజన్ మొదటి ఎపిసోడ్‌లో రిక్ బృందం నెగన్ స్థావరం ముందు తుపాకులతో నిలబడింది. నెగన్ ఎదురుగా, అందరికీ కనిపిస్తూ ఉన్నాడు. రిక్ పది నుంచి వెనక్కి లెక్కపెట్టాడు, కాల్పులు మొదలయ్యాయి, కిటికీలన్నీ పగిలాయి. నెగన్‌కి మాత్రం ఏమీ కాలేదు. ఆ క్షణంలో వాడిని కాపాడింది వాడి తెలివి కాదు, రచయితలే. ఆ సంగతి ప్రేక్షకుడికి తెలిసిపోయింది. ఆ తర్వాత ఆ విలన్ ఎన్ని డైలాగులు చెప్పినా భయం పుట్టదు, చిరాకే పుడుతుంది.

క్రూరత్వమే కారణమైతే తొమ్మిదో సీజన్‌లో విలన్ ఆల్ఫా సంగతేమిటి? 2019 మార్చిలో వచ్చిన ఎపిసోడ్‌లో ఆమె ఒకే రాత్రి పదిమందిని చంపి తలలు గుంజలకు గుచ్చింది. టారా, ఈనిడ్, హెన్రీ అందులో ఉన్నారు. నెగన్ చేసినదాని కంటే అది తక్కువేమీ కాదు. ఆ ఎపిసోడ్‌ని విమర్శకులూ మిగిలిన అభిమానులూ మెచ్చుకున్నారు. ఎందుకంటే చూపించిన పద్ధతి వేరు. చంపడాన్ని సాగదీసి చూపించలేదు. ఆ తలల్ని చూసినవాళ్ల ముఖాలు చూపించారు, చనిపోయే ముందు వాళ్లెలా ఎదిరించారో చెప్పారు, ఆ చావులు తర్వాతి కథని నడిపించాయి. రాతలో ఇంత తేడా ఉంటే, “హింస ఎక్కువైంది” అని ఒక్క మాటలో తేల్చేయడం అన్యాయం.

ఒక కుర్రాడు నాకు వెబ్ సిరీస్ స్క్రిప్ట్ పంపాడు. మొదటి ఎపిసోడ్‌లోనే విలన్ ముగ్గురిని చంపుతాడు, అందులో ఒకడు హీరో తమ్ముడు. “ఇంతకంటే క్రూరంగా రాయమంటున్నారు సార్, ఏం చెయ్యాలో తెలియట్లేదు” అన్నాడు ఫోన్లో. గొంతులో టెన్షన్ తెలుస్తోంది. రాత్రుళ్లు నిద్ర కూడా పట్టడం లేదట. “తమ్ముడి శవం దగ్గర్నుంచి హీరో ఇంటికెలా వెళ్లాడు? తలుపు ఎవరు తీశారు?” అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. స్క్రిప్ట్‌లో ఆ సీన్ లేదు. తర్వాతి నాలుగు ఎపిసోడ్లలోనూ విలన్ ఇంకా ఎవరెవరిని బెదిరించాడో మాత్రమే ఉంది. మేం ఒక్క చావు కూడా పెంచలేదు, రెండు తీసేశాం. తమ్ముడి చావు ఉంచి, తల్లి తలుపు తీసే సీన్ రాయించాను. విలన్ మనుషుల్లో ఒకడు ఆ రాత్రే పారిపోయేలా చేశాం. దాంతో విలన్‌కి మొదటి ఎపిసోడ్‌లోనే ఒక నష్టం, ఒక భయం వచ్చాయి. స్క్రిప్ట్ కదిలింది. “క్రూరత్వం పెంచు” అన్న సలహా మీకూ ఎవరైనా ఇస్తే కంగారుపడకండి. ఆ సలహా ఇచ్చేవాళ్లకు కావాల్సింది భయం, దాన్ని తెచ్చే దారి మీ చేతిలో ఉంది.

అపోహ: సస్పెన్స్‌లో ఆపితే జనం తప్పక తిరిగొస్తారు.

వాస్తవం: వస్తారు, కానీ ఏ మూడ్‌లో వస్తారన్నది ముఖ్యం. ఆరో సీజన్ చివరి ఎపిసోడ్ 2016 ఏప్రిల్ 3న వచ్చింది. అందరూ మోకాళ్ల మీద కూర్చుని ఉన్నారు. నెగన్ ఒక్కొక్కరినీ చూపిస్తూ లెక్కపెట్టి, ఒకరి దగ్గర ఆగాడు. కెమెరా ఆ చనిపోయే మనిషి కళ్లలోంచి చూస్తోంది. బ్యాట్ కెమెరా మీదికే వచ్చింది, తెర మీద రక్తం కారింది, నల్లబడింది. ఎవరు చచ్చారో తెలియాలంటే ఆరు నెలలకు పైగా ఆగాలి. ఆగినవాళ్లకు అక్టోబర్‌లో కూడా వెంటనే చెప్పలేదు, ముందు రిక్‌ని వ్యాన్‌లో ఎక్కించి తిప్పారు.

ఇక్కడ దాచింది కథలోని రహస్యం కాదు. అక్కడున్న పాత్రలన్నింటికీ ఎవరు చచ్చారో తెలుసు, తెలియనిది మనకొక్కరికే. “తర్వాత ఏమవుతుంది” అని ఆపితే ప్రేక్షకుడు పాత్రల పక్కన నిలబడి ఎదురుచూస్తాడు. “ఇప్పుడు జరిగింది మీకు చెప్పం” అని ఆపితే రచయితకు ఎదురు తిరుగుతాడు. పైగా అదే సీజన్‌లో గ్లెన్ చచ్చిపోయినట్టు చూపించి, టైటిల్స్‌లోంచి ఆ పాత్ర చేసిన స్టీవెన్ యన్ పేరు కూడా తీసేసి, కొన్ని వారాల తర్వాత చెత్తకుండీ కింద బతికే ఉన్నాడని తేల్చారు. అలా ఒకసారి ఆడుకున్నాక అదే మనిషిని నిజంగా చంపితే, రావాల్సిన దుఃఖంలో సగం కోపంగా మారిపోతుంది. ప్రేక్షకుల కోపంలో నాకు పూర్తిగా న్యాయంగా అనిపించేది ఇదే.

అపోహ: కామిక్‌లో ఉన్నదే తీశారు, ఇక తప్పేముంది?

వాస్తవం: సిరీస్‌కి మూలమైన రాబర్ట్ కర్క్‌మన్ కామిక్‌లో గ్లెన్ చావు 100వ సంచికలో, 2012 జులైలో వచ్చింది. నెగన్‌తో పెద్ద యుద్ధం 126వ సంచికకు ముగిసింది. కామిక్‌ని మీ వేగంతో తిప్పేయవచ్చు. టీవీలో ఆరో సీజన్ చివరి ఎపిసోడ్ నుంచి ఎనిమిదో సీజన్ ముగింపు దాకా 33 ఎపిసోడ్లు, రెండేళ్లు పట్టింది. సంఘటనలు అవే అయినా మోయాల్సిన బరువు అదే కాదు. ఇక కామిక్‌ని దాటి తీసుకున్న అతి పెద్ద నిర్ణయం రిక్ కొడుకు కార్ల్ చావు. కామిక్‌లో కార్ల్ చివరి దాకా బతికే ఉంటాడు, నెగన్‌ని రిక్ అక్కడ కూడా చంపకుండా జైల్లోనే పెడతాడు. అంటే విలన్‌ని క్షమించడానికి కొడుకు చావాల్సిన అవసరం కథకు లేదు. 2018 ఫిబ్రవరిలో ఆ ఎపిసోడ్ చూసి సిరీస్ ఆపేసినవాళ్లు చాలామంది నాకు తెలుసు.

అపోహ: నటుడు సరిగ్గా చేయలేదు.

వాస్తవం: దీనికి జవాబు చెప్పడానికి కూడా ఓపిక లేదు. నెగన్‌గా చేసిన జెఫ్రీ డీన్ మోర్గన్‌కి రాసిచ్చింది ఆయన చేశారు, బాగా చేశారు. వెనక్కి వాలి నవ్వే ఆ తీరు కూడా రాతలో కదలిక ఉన్నప్పుడు పనిచేసింది, లేనప్పుడు విసిగించింది. యూజీన్‌గా చేసిన జాష్ మెక్‌డెర్మిట్‌కైతే, పాత్ర నెగన్ పక్షం చేరినందుకు చంపేస్తామని బెదిరింపులు వచ్చాయి, ఆయన సోషల్ మీడియా వదిలేశారు. కోపం ఉంటే కథ మీద చూపించండి, నటుల జోలికి వెళ్లకండి.

అపోహ: రేటింగ్ పడిందంటే సిరీస్ చెడిపోయినట్టే.

వాస్తవం: 2018లో ఏంజెలా కాంగ్ షోరన్నర్‌గా (కథనీ రచయితల్నీ నడిపించే బాధ్యతలో) పగ్గాలు తీసుకున్నాక రాత స్పష్టంగా మెరుగుపడింది. సంఖ్యలు మాత్రం పడుతూనే వచ్చాయి. 2022 నవంబర్ 20న వచ్చిన ఆఖరి ఎపిసోడ్‌ను ప్రసార సమయంలో చూసింది 23 లక్షల మంది లోపే. పోయిన నమ్మకం మంచి ఎపిసోడ్లు తీసిన వెంటనే తిరిగిరాదు. జనం కేబుల్ టీవీ వదిలి స్ట్రీమింగ్‌కి వెళ్లడం కూడా అందులో కలిసింది.

అపోహ: అంత చేసినవాడిని మంచివాడిగా మార్చడం కుదరదు.

వాస్తవం: మంచివాడిగా మార్చలేదు, పనికొచ్చేవాడిగా మార్చారు. ఆల్ఫాని చంపింది నెగనే. మ్యాగీ వాడిని క్షమించలేదు, క్షమించనక్కర్లేదని కథ కూడా ఒప్పుకుంది. వాడికి ఖర్చు మొదలైంది అప్పుడే.

అపోహ: మధ్యలో ఆపేస్తే అన్నేళ్లు చూసింది దండగ, మళ్లీ చూడాలంటే వదిలినవన్నీ చూడాలి.

వాస్తవం: ఇది అడిగేవాళ్లు నిజంగా బాధపడుతూ అడుగుతారు. ఐదో సీజన్ దాకా మీకు నచ్చింది నచ్చినట్టే ఉంటుంది, తర్వాత వచ్చినవి దాన్ని చెరపలేవు. విసుగొస్తే ఆపేయండి, ఎవరికీ బాకీ లేరు. తిరిగి చూడాలనిపిస్తే మాత్రం ఏడో సీజన్‌లో నేను చెప్పిన మొదటి, నాలుగో, ఎనిమిదో ఎపిసోడ్లు చూసి, ఎనిమిదో సీజన్‌లో కార్ల్ చనిపోయే తొమ్మిదో ఎపిసోడ్, చివరిది చూడండి. నెగన్ జైల్లో ఉన్నాడని తెలిస్తే చాలు, తొమ్మిదో సీజన్ మొదటి నుంచి నేరుగా అందుకోవచ్చు. ఐదో ఎపిసోడ్‌లో రిక్ వెళ్లిపోతాడు, ఆ తర్వాత ఆల్ఫా వస్తుంది. పదో సీజన్ ఆఖరి ఎపిసోడ్ నెగన్, అతని భార్య లూసీల్ కథ. బ్యాట్‌కి ఆ పేరు ఎందుకొచ్చిందో అందులో ఉంది. నెగన్ పేరు వింటేనే ఒళ్లు మండేవాళ్లు కూడా ఆ ఒక్కటి చూసి, ఆ తర్వాత వాదనకు రండి.