రామగుండం బొగ్గుతో నడిచే కారు పర్యావరణానికి మంచిదేనా?

"ఎలక్ట్రిక్ కారు కొంటే పొగ ఆగదు బాబూ, పొగగొట్టం కారు వెనక నుంచి రామగుండానికి మారుతుంది అంతే." (రామగుండం అంటే అక్కడి బొగ్గు కరెంటు ప్లాంటు.) ఈ మాట వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది, పంపేవాళ్లు ఏదో పెద్ద గుట్టు రట్టు చేసినట్టు పంపుతుంటారు. ఇటు కార్ల ప్రకటనలు చూస్తే 'జీరో ఎమిషన్' అంటాయి. నిజం ఈ రెండిట్లో దేని దగ్గరా పూర్తిగా లేదు. లెక్క మనమే వేసుకోవచ్చు, పదో తరగతి లెక్కలు చాలు.

లీటరు పెట్రోలు మండితే దాదాపు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. (ముప్పావు కిలో ఉండే పెట్రోలు నుంచి 2.3 కిలోలు ఎలా వస్తుందంటారా? పెట్రోల్లోని కార్బన్ గాలిలోంచి ఆక్సిజన్‌ను కలుపుకుంటుంది, బరువులో ఎక్కువ వాటా ఆ ఆక్సిజన్‌దే.) లీటరుకు 16 కిలోమీటర్లిచ్చే కారు 100 కిలోమీటర్లు తిరిగితే 14 కిలోల పైచిలుకు. ముడిచమురు తోడి, ఓడల్లో తెచ్చి, శుద్ధి చేసేటప్పుడు వచ్చేదీ కలిపితే 17 దాకా వెళుతుంది.

ఇప్పుడు అదే సైజు ఎలక్ట్రిక్ కారు. యూనిట్‌కు ఆరేడు కిలోమీటర్లు వస్తాయనుకుంటే 100 కిలోమీటర్లకు 15 యూనిట్లు. తీగల్లో, చార్జర్లో పోయేది కూడా కలుపుకుంటే ప్లాంటు దగ్గర 18 యూనిట్ల పైనే పుట్టించాలి. మన దేశంలో సగటున యూనిట్ కరెంటుకు 0.7 కిలోలకు కాస్త పైన కార్బన్ డయాక్సైడ్ వస్తోందని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్క. అంటే 13 కిలోలు. బొగ్గు తవ్వి మోసుకొచ్చేటప్పుడు వచ్చేదీ కలిపితే మరికాస్త. మొత్తానికి 100 కిలోమీటర్లకు మూడు నాలుగు కిలోల లాభం. ఉంది, కానీ ప్రకటనల్లో చెప్పినంత మాత్రం లేదు.

అసలు ఆ లాభమైనా ఎందుకొస్తుందో చూస్తే తమాషాగా ఉంటుంది. థర్మల్ ప్లాంటులో బొగ్గు ఇచ్చే వేడిలో నూటికి 35 పాళ్లే కరెంటవుతుంది. తీగలు, చార్జరు, మోటారు దాటుకుని చక్రం దాకా చేరేసరికి మిగిలేది పాతిక పాళ్లు. ఖాళీ హైవే మీద పెట్రోలు ఇంజన్ ఇచ్చేదీ దాదాపు అంతే! పైగా అంతే వేడికి బొగ్గు పెట్రోలు కన్నా మూడో వంతు ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. అంటే అచ్చంగా బొగ్గు కరెంటుతో హైవే మీదే నడిపితే ఎలక్ట్రిక్ కారు ఓడిపోయినా ఓడిపోవచ్చు. దాన్ని నిలబెట్టేవి రెండు. ఒకటి, మన గ్రిడ్‌లో (దేశమంతటికీ కరెంటు పంచే వ్యవస్థలో) సుమారు పాతిక శాతం జలవిద్యుత్తు, సోలార్, గాలి, అణువిద్యుత్తు. రెండోది ట్రాఫిక్. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర కారు కదలకపోయినా పెట్రోలు ఇంజన్ తాగుతూనే ఉంటుంది, మోటారు తాగదు, ఏసీకి తప్ప. బ్రేకు వేసినప్పుడు పెట్రోలు కారులో ఆ శక్తి అంతా వేడిగా పోతుంది, ఎలక్ట్రిక్ కారులో కొంత తిరిగి బ్యాటరీలోకి వస్తుంది. కాబట్టి సిటీలో తిరిగే కారుకు లాభం పెరుగుతుంది, హైదరాబాద్-విజయవాడ రోడ్డు మీదే ఎక్కువగా తిరిగేవాళ్లకు తగ్గుతుంది.

ఇక బ్యాటరీ. అది తయారవుతున్నప్పుడే కారు నెత్తిన కార్బన్ అప్పు పడుతుంది. 2017లో స్వీడన్‌కు చెందిన ఐవీఎల్ అనే పరిశోధనా సంస్థ, బ్యాటరీలో ఒక్కో యూనిట్ సామర్థ్యానికి 150 నుంచి 200 కిలోల కార్బన్ డయాక్సైడ్ అని లెక్కకట్టింది. అంతే, 'ఎనిమిదేళ్లు పెట్రోలు కారు నడిపితే వచ్చేంత పొగ ఒక్క బ్యాటరీకే' అన్న కథనాలు ప్రపంచమంతా తిరిగాయి. 2019లో అదే సంస్థ కొత్త సమాచారంతో దాన్ని 61 నుంచి 106 కిలోలకు దించింది. ఈ సంగతి మాత్రం అంతగా తిరగలేదు, ఫార్వర్డ్ చేసేవాళ్లకి పాత అంకే ముద్దు మరి. 30 యూనిట్ల బ్యాటరీకి 75 కిలోల చొప్పున వేసుకుంటే రెండు టన్నుల పైన. 100 కిలోమీటర్లకు నాలుగు కిలోల చొప్పున తీర్చుకుంటూ పోతే 55 వేల కిలోమీటర్ల దాకా తిరగాలి. ఏడాదికి పది వేలు తిరిగే ఇంటి కారుకు అయిదారేళ్లు.

నార్వేను చూపించి 'అక్కడ పనిచేసింది కాబట్టి ఇక్కడా పనిచేస్తుంది' అని వాదించేవాళ్లు ఇక్కడే పప్పులో కాలేస్తారు. 2024లో అక్కడ అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు 89 శాతం పూర్తి ఎలక్ట్రిక్. పన్ను రాయితీలు ఎలాగూ ఉన్నాయి, కానీ అక్కడి కరెంటులో నూటికి 90 పాళ్లు జలవిద్యుత్తు, అందుకే ఆ అప్పు చాలా త్వరగా తీరిపోతుంది. (ఆ దేశం చమురు, గ్యాస్ అమ్మి ధనవంతమైందన్నది వేరే సంగతి.) వాళ్ల ఫలితం మనకు రావాలంటే కారు తెస్తే చాలదు, వాళ్ల కరెంటూ తేవాలి.

నన్నడిగితే అప్పు తీరేది ఏళ్లతో కాదు, కిలోమీటర్లతో. అపార్ట్‌మెంట్ సెల్లార్లో వారమంతా పడుకుని ఆదివారం బయటికొచ్చే పెద్ద ఎస్‌యూవీకి, అది ఎలక్ట్రిక్ అయినా సరే, ఆ అప్పు ఎప్పటికి తీరాలి? అదే రోజుకు 100 కిలోమీటర్లు తిరిగే ఆటోను చూడండి. బ్యాటరీ పది యూనిట్లలోపే, నా రఫ్ లెక్క ప్రకారం ఆరేడు నెలల్లో అప్పు తీరి లాభంలోకి వస్తుంది. మన దేశంలో 2024లో అమ్ముడైన మూడు చక్రాల బళ్లలో సగానికి పైగా ఎలక్ట్రిక్‌వే, కార్లలో మాత్రం రెండు మూడు శాతం. టీవీల్లో చర్చలన్నీ కార్ల మీద, పని జరుగుతున్నది ఆటోల్లో.

బ్యాటరీ లోహాల కోసం తవ్వే గనుల గొడవ కూడా నిజమైనదే. కొన్ని బ్యాటరీల్లో వాడే కోబాల్ట్ అనే లోహంలో ప్రపంచం మొత్తం మీద దాదాపు 70 శాతం కాంగో నుంచి వస్తుంది, అక్కడి గనుల్లో పిల్లలు పనిచేసిన మాట అబద్ధం కాదు. కాకపోతే మన దగ్గర ఎక్కువగా అమ్ముడవుతున్న టాటా నెక్సాన్ ఈవీ లాంటి ఎలక్ట్రిక్ కార్లలో ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు, వాటిలో కోబాల్టే ఉండదు. పైగా బ్యాటరీలోని లోహాన్ని మళ్లీ తీసుకోవచ్చు, మండిన పెట్రోలును తీసుకోలేం. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు పాత బ్యాటరీల బాధ్యతను తయారీదారు మీదే పెట్టాయి. అమలు సంగతి చూడాలి.

పెట్రోలు కారు వయసు పెరిగేకొద్దీ పొగ పెరుగుతుంది. ఎలక్ట్రిక్ కారుకు అలా కాదు, గ్రిడ్‌లో సోలార్ పెరిగేకొద్దీ అదే పాత కారు పొగ తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2026 చివరి దాకా ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు ఎత్తేసింది, బాగానే ఉంది. పబ్లిక్ చార్జింగ్ స్టేషన్లకు కరెంటు పగటి సోలార్ గంటల్లో చౌకగా, మిగతా వేళల్లో ఖరీదుగా ఇమ్మని కేంద్రం 2024 మార్గదర్శకాల్లో చెప్పింది, అదీ బాగానే ఉంది. కానీ మన కార్లు ఆ గంటల్లో ఆఫీసు పార్కింగులో ఊరికే నిలబడి ఉంటాయి, రాత్రి పదింటికి ఇంటికి చేరాక, కరెంటు భారమంతా బొగ్గు మీద పడిన వేళ ప్లగ్ పెడతాం. రోడ్ ట్యాక్స్ కింద వదులుకునే డబ్బులో కొంతైనా ఆఫీసు పార్కింగుల్లో చార్జింగ్ పాయింట్లకు పెడితే, కొత్తగా ఒక్క కారు కూడా అమ్మకుండానే ఇప్పుడున్న కార్ల పొగ తగ్గుతుంది.